ఒక్క ఆల్బమ్ చుట్టూ నాలుగు తగవులు: ఐరన్ మెయిడెన్ 1980 రికార్డు

2024 అక్టోబర్ 21న, బ్రిటన్ బ్యాండు ఐరన్ మెయిడెన్ తొలి ఆల్బమ్‌లో పాడిన పాల్ డియానో చనిపోయాడన్న వార్త వచ్చినప్పటి నుంచి అనంతపురంలో మెటల్ (గిటార్లు బిగ్గరగా మోగే రాక్ సంగీతం) వినే కొద్దిమంది మధ్య ఆ ఆల్బమ్ గురించిన పాత తగవు మళ్లీ రాజుకుంది. ఆ మరుసటి ఏడాది ఐరన్ మెయిడెన్ బ్యాండు తన యాభై ఏళ్ల సందర్భంగా ప్రపంచ యాత్రకు బయల్దేరింది. 1980 నుంచి 1992 దాకా వచ్చిన తొమ్మిది ఆల్బమ్‌లలోని పాటలే వాయిస్తామని చెప్పేసరికి ఆ తగవు ఇంకా ముదిరింది. "బ్రూస్ లేని మెయిడెన్ మెయిడెన్ ఎట్లయితాది?" అనేవాళ్లు ఒక పక్క. బ్రూస్ అంటే పాల్ తర్వాత వచ్చిన గాయకుడు బ్రూస్ డికిన్సన్. "అసలు సరుకంతా మొదటి దాంట్లోనే ఉండాది, తర్వాతదంతా హంగు" అనేవాళ్లు ఇంకో పక్క. ఇప్పుడిప్పుడే వినడం మొదలుపెట్టిన పిల్లలు ఇద్దరి మాటా విని ఏదీ తేల్చుకోలేకపోతున్నారు.

ఇరుపక్షాలూ వాదించుకుంటున్నది ఒకే విషయం గురించి కాదని నా అభిప్రాయం. ఒకరు గాయకుడి గొంతు గురించి మాట్లాడుతుంటారు. ఇంకొకరు రికార్డింగ్ నాణ్యతను తప్పుపడుతుంటారు. మూడో మనిషి అది మెటలా, పంకా అని అడుగుతాడు. నాలుగో మనిషి విన్న ఆల్బమ్‌లో పాటల వరుసే వేరు. నాలుగు ప్రశ్నలూ ఒకే పేరు కింద కలగలిసిపోయాయి. వాటిని విడదీస్తే మూడింటికి చాలావరకు జవాబు దొరుకుతుంది. మిగిలిన ఒక్కటి రుచికి సంబంధించింది.

ముందు ఆ రికార్డు సంగతి

ఐరన్ మెయిడెన్‌ను 1975 చివర్లో తూర్పు లండన్‌లో మొదలుపెట్టింది బేస్ గిటార్ వాయించే స్టీవ్ హారిస్. పాటల్లో ఎక్కువ భాగం రాసేదీ అతనే. నాలుగేళ్ల పాటు పబ్బుల్లో వాయిస్తూ, సభ్యులు వస్తూ పోతూ ఉండగా బ్యాండు పేరు తెచ్చుకుంది. 1979లో ఈఎంఐ కంపెనీ వాళ్లతో ఒప్పందం కుదుర్చుకుంది. బ్యాండు పేరే పెట్టిన తొలి ఆల్బమ్ 1980 ఏప్రిల్ 14న బ్రిటన్‌లో విడుదలైంది. ఎనిమిది పాటలు, నిడివి నలభై నిమిషాల లోపే. బ్యాండుకు గుర్తయిన ఎడ్డీ అనే పాత్ర బొమ్మ, డెరెక్ రిగ్స్ గీసింది, అట్ట మీద ఉంది. బ్రిటిష్ ఆల్బమ్ పట్టికలో అది 4వ స్థానం దాకా ఎక్కింది. పబ్బుల నుంచి వచ్చిన కుర్రాళ్లకు అది చిన్న విజయమేమీ కాదు.

పాడింది పాల్ డియానో. గిటార్లు డేవ్ ముర్రే, డెన్నిస్ స్ట్రాటన్. డ్రమ్స్ క్లైవ్ బర్. వీళ్లలో స్ట్రాటన్, బర్ ఇద్దరూ బ్యాండులో చేరింది 1979 డిసెంబర్‌లో. రికార్డింగ్ జరిగింది 1980 జనవరిలో. అంటే అయిదుగురిలో ఇద్దరు నెల క్రితం వచ్చినవాళ్లు. ఆల్బమ్ మీద ఏ తీర్పు చెప్పేటప్పుడైనా ఈ సంగతి గుర్తుండాలి.

పాల్ రెండో ఆల్బమ్ ‘కిల్లర్స్’ కూడా పాడాడు. అది 1981 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది అతన్ని తీసేశారు. మత్తు అలవాటూ వరుస యాత్రల అలసటా కలిసి తనను దెబ్బతీశాయని తర్వాత అతనే దాచకుండా చెప్పుకున్నాడు. శాంసన్ అనే బ్యాండు నుంచి బ్రూస్ డికిన్సన్ వచ్చాడు. 1982 మార్చిలో వచ్చిన ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. లోకమంతా ఎరిగిన మెయిడెన్ అక్కడి నుంచి మొదలు.

మనవాళ్లు వెనక నుంచి ముందుకు విన్నారు

లండన్‌లో 1980లో ఆ రికార్డు కొన్న కుర్రాడికి పోల్చి చూసుకోవడానికి బ్రూస్ లేడు. మన దగ్గర ఆ పరిస్థితి ఎవరికీ లేదు. అనంతపురం నుంచి బెంగళూరు 44వ నంబర్ జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్లు. చదువుకో ఉద్యోగానికో అక్కడికి పోయినవాళ్ల ద్వారానే మెటల్ ఈ ఊళ్లకు ఎక్కువగా వచ్చింది. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ మొదటిసారి మన దేశంలో వాయించింది. 2009 ఫిబ్రవరిలో అదే ఊరికి మళ్లీ వచ్చింది. రెండుసార్లూ వేదిక మీద పరుగులు తీస్తూ పాడింది బ్రూస్. ఆ ప్రదర్శనలు చూసినవాళ్లకైనా, హాస్టల్ గదుల్లో ఒక హార్డ్ డిస్క్ నుంచి ఇంకో దాంట్లోకి కాపీ చేసుకుని విన్నవాళ్లకైనా మెయిడెన్ అంటే మొదట చెవిన పడింది బ్రూస్ గొంతే. తొలి ఆల్బమ్ వాళ్ల దగ్గరికి అయిదోదిగానో ఆరోదిగానో చేరింది.

దీనివల్ల ఏమవుతుందంటే, ముందు విన్నది కొలబద్ద అయిపోతుంది. బ్రూస్‌ను ముందు విన్న చెవికి పాల్ గొంతులో ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. వినే మనిషిలో లోపమేమీ లేదు, పాల్ చేతగాని గాయకుడూ కాదు. కానీ తగవులో సగం వేడి ఇక్కడి నుంచే పుడుతోంది. మన దగ్గర తొలి ఆల్బమ్‌ను తీసిపారేసేవాళ్లు ఎక్కువగా కనబడటానికి కూడా ఈ వరుసే కారణమని నేననుకుంటాను.

మొదటి తగవు: గొంతు

పాల్ గొంతు మధ్య స్థాయిలో నడిచేది. గరుకు ఉంటుంది, తెగువ ఉంటుంది, మాటను కొరికి వదిలినట్టు పాడతాడు. బ్రూస్ గొంతు తారస్థాయిలోకి పోయి అక్కడ నిలబడగలదు. స్వరాన్ని పట్టి, సాగదీసి, పెద్ద మైదానంలో చివరి వరుస దాకా పంపగలడు. అభిమానులు అతన్ని వైమానిక దాడి సైరన్ అని పిలుచుకోవడం అందుకే.

ఈ తేడా మన సీమ జనానికి కొత్త కాదు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ నాటకాల్లో రాగాలాపన కంటే పాత్ర స్వభావానికి, మాటలోని భావానికి పెద్దపీట వేసిన నటుడు. అదే కాలంలో పద్యాన్ని రాగం తీసి పాడితే ‘వన్స్ మోర్’ అని కేకలు వేసే ప్రేక్షకులూ ఉన్నారు. ఒకే పాత్రను ఇద్దరు నటులు ఈ రెండు పద్ధతుల్లో పోషిస్తే ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు జవాబు చూసేవాడు దేనికోసం వచ్చాడన్న దాని మీద ఉంటుంది. పాల్, బ్రూస్‌ల సంగతీ అంతే.

ఉదాహరణకు ‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ తీసుకుందాం. ఏడు నిమిషాలు దాటే ఈ పాట తొలి ఆల్బమ్‌కు వెన్నెముక. చీకట్లో వెంటాడేవాడు, అతనికి భయపడేవాడు, ఇదీ కథ. 1980 రికార్డులో పాల్ దీన్ని పక్కనే నిలబడి బెదిరిస్తున్నట్టు పాడతాడు. 1985లో వచ్చిన ‘లైవ్ ఆఫ్టర్ డెత్’ అనే ప్రదర్శన రికార్డులో అదే పాట బ్రూస్ నోట వినిపిస్తుంది. అక్కడది నాటకశాల అంతా నిండే పెద్ద దృశ్యం అయిపోతుంది. గిటార్ భాగాలు దాదాపు అవే. మారింది భయం ఎంత దూరం నుంచి వస్తోందన్నది. నా మటుకు నాకు ఈ పాటకు పాల్ గొంతే సరిపోయింది. ‘హాలోడ్ బి దై నేమ్’ లాంటి తర్వాతి కాలపు పాటను మాత్రం పాల్ మోయలేడనే అనుకుంటాను. ఆ పాటలు బ్రూస్ గొంతును దృష్టిలో పెట్టుకుని పెరిగాయి, ఈ పాటలు పబ్బుల్లో పాల్ గొంతుతో గట్టిపడ్డాయి.

బ్రూస్ పక్షం వాదనలో బలం లేదని కాదు. పాల్‌తోనే సాగి ఉంటే హారిస్ పెద్ద పెద్ద కథా గీతాల వైపు పోగలిగేవాడు కాదన్నది వాళ్ల మాట. అది నిజమే కావచ్చు. అయితే ఆ వాదన బ్యాండు ఎదుగుదల గురించి. 1980 జనవరిలో స్టూడియోలో జరిగిన పని బాగుందా లేదా అన్నదానికి అది జవాబు కాదు.

రెండో తగవు: శబ్దం పలుచగా ఉందన్న ఫిర్యాదు

ఇక్కడ రెండు మాటలు తెలియాలి. నిర్మాత అంటే సినిమాల్లోలా డబ్బు పెట్టే మనిషి కాదు. స్టూడియోలో ఎవరు ఎలా వాయించాలి, ఏది మళ్లీ తీయాలి, చివరికి శబ్దం ఎలా ఉండాలి అని చూసుకునేవాడు. మిక్సింగ్ అంటే విడివిడిగా రికార్డ్ చేసిన గొంతు, గిటార్లు, డ్రమ్స్‌ను ఏది ఎంత పైకి, ఏది ఎంత కిందికి అని కలిపే పని. ఒకే వాయింపును ఇద్దరు మిక్స్ చేస్తే రెండు వేరు పాటలు విన్నట్టుంటుంది.

తొలి ఆల్బమ్‌కు నిర్మాత దొరకడమే కష్టమైంది. ముందు ప్రయత్నించినవాళ్లలో స్వీట్ బ్యాండు గిటారిస్టు ఆండీ స్కాట్ ఒకడు. హారిస్ వేళ్లతో కాకుండా పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో, బేస్ వాయించాలని అతను పట్టుబట్టాడు. వేళ్లతో గుర్రపు దౌడులా పరుగెత్తించే ఆ బేస్ మోతే మెయిడెన్‌కు గుర్తు. హారిస్ ఒప్పుకోలేదు, స్కాట్‌ను పక్కన పెట్టారు. చివరికి విల్ మాలోన్ వచ్చాడు. అతను పని మీద శ్రద్ధ పెట్టలేదనీ, ఇంజనీర్ మార్టిన్ లెవన్‌తో కలిసి చాలా భాగం తామే చేసుకోవాల్సి వచ్చిందనీ హారిస్ ఆ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అప్పటి నుంచి మాలోన్ పేరు అభిమానుల నోళ్లలో తిట్టు అయిపోయింది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మాలోన్ సంగీతం తెలియని మనిషి కాదు. మాసివ్ అటాక్ బృందం పాట ‘అన్‌ఫినిష్డ్ సింపథీ’కి తీగవాద్యాల అమరిక చేసింది అతనే. మెటల్ బ్యాండుకు అతన్ని జతచేయడం కుదరలేదు, అంతవరకే రుజువైన సంగతి.

స్టూడియోలో ఇంకో పెనుగులాట కూడా జరిగింది. స్ట్రాటన్‌కు క్వీన్ బ్యాండు తరహా గొంతుల పొందిక ఇష్టం. ‘ఫాంటమ్’లో ఒకచోట గొంతు మీద గొంతు పేర్చి రికార్డ్ చేశాడు. మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ విని, ఇది క్వీన్‌లా ఉంది, తీసేయమన్నాడు. తీసేశారు. ఆ ఏడాది అక్టోబర్‌లోనే స్ట్రాటన్ బ్యాండు వదిలాడు. ఆల్బమ్ గరుకుగా ఉండటం పూర్తిగా చేతగానితనం కాదనడానికి ఇదొక ఆధారం. మెరుగులు వద్దనుకున్న నిర్ణయాలు కూడా అందులో ఉన్నాయి.

సరే, ఫిర్యాదు నిలుస్తుందా? పరీక్షించడానికి చరిత్రే ఒక మంచి అవకాశం ఇచ్చింది. మొదటి మూడు ఆల్బమ్‌లనూ వరుసగా పెట్టి చూడండి. మొదటి దాని నుంచి రెండోదానికి వచ్చేసరికి గాయకుడు మారలేదు, బేస్ మారలేదు, డ్రమ్స్ మారలేదు. ‘కిల్లర్స్’ పాటల్లో చాలావరకు తొలి ఆల్బమ్ నాటికే బ్యాండు దగ్గరున్నవి. మారింది నిర్మాత. డీప్ పర్పుల్ బ్యాండుతో పనిచేసిన మార్టిన్ బర్చ్ వచ్చాడు. రెండో గిటార్‌కు స్ట్రాటన్ స్థానంలో అడ్రియన్ స్మిత్ వచ్చాడు. ఇక రెండో దాని నుంచి మూడోదానికి వస్తే నిర్మాత అదే బర్చ్, డ్రమ్స్ అదే క్లైవ్ బర్, గిటార్లూ బేసూ అవే. వాయించేవాళ్లలో మార్పు లేదు, గాయకుడు ఒక్కడే మారాడు.

అంటే ఒక అడుగులో ముఖ్యంగా శబ్దం మారింది, ఇంకో అడుగులో ముఖ్యంగా గొంతు మారింది. ఎవరైనా ‘నాకు మొదటిది నచ్చదు, కిల్లర్స్ నచ్చుతుంది’ అంటే వాళ్ల అసలు ఫిర్యాదు పాల్ మీద కాదు, మిక్సింగ్ మీద. ‘రెండూ నచ్చవు, మూడోదాని నుంచే నచ్చుతుంది’ అంటే అప్పుడది గొంతు గురించిన మాట. నాకు తెలిసిన బ్రూస్ అభిమానుల్లో చాలామంది ‘కిల్లర్స్’ను ఇష్టంగానే వింటారు. తమ అసంతృప్తికి పాల్‌ను తప్పుపడుతున్నారు, కానీ అది పుట్టింది మిక్సింగ్ బల్ల దగ్గర. ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. మూడో ఆల్బమ్ పాటలు కొత్తగా రాసినవి. గొంతుతో పాటు రచనా మారింది. అయినా ఇంతకంటే శుభ్రమైన పోలిక రాక్ సంగీతంలో అరుదుగా దొరుకుతుంది.

దీనికి ఎదురుగా చాలామంది చూపించే ఉదాహరణ 1988 నాటిది. ‘ది ఈవిల్ దట్ మెన్ డూ’ సింగిల్ (ఒక పాట కోసం విడిగా వేసే చిన్న రికార్డు) వెనుక వైపు ‘ప్రౌలర్’, ‘షార్లట్ ది హార్లట్’ పాటలను బ్యాండు కొత్తగా రికార్డ్ చేసి పెట్టింది. బ్యాండుకే పాతవి నచ్చలేదు కాబట్టి మళ్లీ చేశారని వాదన. కొత్తవాటిలో శబ్దం నిండుగా ఉన్న మాట వాస్తవం. కానీ అప్పటికి గాయకుడు మారాడు, డ్రమ్స్ వాయించేది నికో మెక్‌బ్రెయిన్, రెండో గిటార్ మారింది, స్టూడియోలు ఎనిమిదేళ్లు ముందుకు పోయాయి. ఇన్ని ఒకేసారి మారినప్పుడు ఏది దేనివల్ల అని చెప్పలేం. పైగా 1980 ‘ప్రౌలర్’ మొదట్లో వా-వా పెడల్‌తో మూలిగినట్టు వచ్చే గిటార్ రిఫ్‌లో ఒక ఆకలి ఉంది. రిఫ్ అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ పలుకు. 1988 వాయింపు నేర్పుగా ఉంది, ఆ ఆకలి మాత్రం నాకు వినబడలేదు.

కాబట్టి ఈ తగవులో నా తీర్పు: డ్రమ్స్ పలుచగా, గిటార్లు వెనక్కి నెట్టినట్టు ఉన్నాయన్న ఫిర్యాదు నిజం. దానివల్ల ఆల్బమ్ పాడైందన్న ముగింపు మాత్రం దూరపు మాట.

మూడో తగవు: ఇది పంకా?

పంక్ అంటే 1976 ప్రాంతంలో లండన్‌ను ఊపేసిన సంగీతం. చిన్న పాటలు, రెండు మూడు తీగల పట్లు, నేర్పు కంటే కోపం ముఖ్యం. తొలి మెయిడెన్‌లో పంక్ ఉందనేవాళ్లు చూపించేది పాల్ పొట్టి జుట్టును, తోలు జాకెట్‌ను, ‘రన్నింగ్ ఫ్రీ’ లాంటి మూడు నిమిషాల పాటను, మొత్తంగా ఆ దూకుడును. పాల్‌కు పంక్ ఇష్టమన్నది కూడా నిజం.

హారిస్‌కు మాత్రం ఈ మాట అంటేనే మంట. పబ్బుల్లో వాయించే రోజుల్లో జుట్టు కత్తిరించుకుని పంక్ వాయిస్తే అవకాశం ఇస్తామన్నవాళ్లను కాదన్న మనిషి అతను. తనను తీర్చిదిద్దినవి జెత్రో టల్, జెనెసిస్, విష్‌బోన్ యాష్ లాంటి బ్యాండులని ఎప్పుడూ చెబుతాడు. వినేటప్పుడు అది స్పష్టంగా తెలుస్తుంది. ‘ఫాంటమ్’లో లయ పదేపదే మారుతుంది, రెండు గిటార్లు జంటగా ఒకే రాగాన్ని రెండు స్థాయిల్లో పలుకుతాయి. ‘ట్రాన్సిల్వేనియా’ అయితే మాటలే లేని వాయిద్య గీతం. ఏ పంక్ బ్యాండూ అప్పట్లో ఇలాంటి పని చేయలేదు.

కాబట్టి పాటల నిర్మాణంలో పంక్ లేదు. పాడే తీరులో, వేగంలో, ఆ కాలపు లండన్ వీధుల గాలి ఉంది. 1979లో బ్రిటన్ సంగీత పత్రిక ‘సౌండ్స్’ ఇలాంటి కుర్ర బ్యాండులన్నిటికీ కలిపి బ్రిటిష్ హెవీ మెటల్ కొత్త కెరటం అని పేరు పెట్టింది. ఆ కెరటమంతా పంక్ తర్వాతి తరమే. ఒకే ఊళ్లో పెరిగినవాళ్లకు ఒకే యాస వచ్చినంత మాత్రాన ఒకే ఇంటివాళ్లు కారు.

నాలుగో తగవు: ఎనిమిది పాటలా, తొమ్మిదా?

ఇది చిన్న సంగతి, కానీ గందరగోళం చాలా. 1980 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో వచ్చిన రికార్డులో ‘శాంక్చురీ’ పాట లేదు. అది మే నెలలో విడిగా సింగిల్‌గా వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో విడుదల చేసినప్పుడు దాన్ని ఆల్బమ్‌లో చేర్చారు. 1998లో శుభ్రం చేసి వేసిన సీడీలో అది రెండో పాటగా కూర్చుంది. ‘ప్రౌలర్’ పూర్తవగానే నెమ్మదిగా మొదలయ్యే ‘రిమెంబర్ టుమారో’ రావడం ఒక అనుభవం. మధ్యలో ‘శాంక్చురీ’ దూకుడుగా రావడం వేరే అనుభవం. మొదటి వరుసలో ఆల్బమ్ ఊపిరి తీసుకున్నట్టుంటుంది. రెండో వరుసలో రాక్ అండ్ రోల్ జోరు ఎక్కువ. ‘ఆల్బమ్ అంతా ఒకటే పరుగు’ అనే మనిషీ, ‘దాంట్లో ఎంత నెమ్మది ఉందో’ అనే మనిషీ ఇద్దరూ తాము విన్నదాని గురించి నిజమే చెబుతుండవచ్చు.

రెండు పక్షాలూ వదిలేసే రెండు పాటలు

పాల్ అంటే అరుపే అని ఒక పక్షం తక్కువ చేస్తుంది, అదే అరుపు కోసం ఇంకో పక్షం నెత్తిన పెట్టుకుంటుంది. ఆ రెండు మాటలూ నిలవని చోటు ఒకటుంది, అది ఆల్బమ్‌లోని నెమ్మది పాటలు. ‘రిమెంబర్ టుమారో’ను హారిస్, పాల్ కలిసి రాశారు. దాని వెనుక తన తాత ఉన్నాడని పాల్ చెప్పాడు. గొంతు దాదాపు గుసగుసలా మొదలై, పాట మధ్యలో ఒక్కసారిగా చీల్చుకుని పైకి లేస్తుంది, మళ్లీ తగ్గిపోతుంది. బ్రూస్ దీన్ని పాడిన ప్రదర్శన రికార్డు 1982లో ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ సింగిల్ వెనుక వచ్చింది. బ్రూస్ పైకి లేచే భాగాన్ని మహా తేలిగ్గా పలికాడు. పాల్ గొంతు అక్కడికి చేరడానికి కష్టపడుతుంది. ఆ కష్టమే నాకు పాట అర్థంలా వినిపిస్తుంది. మెటాలికా బ్యాండు 2008లో ఒక గౌరవ సంకలనం కోసం మెయిడెన్ పాటలన్నిట్లో దీన్నే ఎంచుకుంది.

రెండోది ‘స్ట్రేంజ్ వరల్డ్’. అయిదున్నర నిమిషాలు. గిటార్ నీళ్లలా పారుతుంటే పాల్ ఎక్కడా గొంతు పెంచకుండా మెత్తగా, దాదాపు కలవరింతలా పాడతాడు. అరుపుల గాయకుడన్న పేరు పడ్డ మనిషి ఇంత నెమ్మదిగా పాడగలడని చాలామంది గమనించను కూడా గమనించరు. బ్రూస్ గొంతుతో బ్యాండు దీన్ని ఎప్పుడూ రికార్డు చేయలేదు. 2025 యాత్రలో తొలి ఆల్బమ్ నుంచి ‘ఫాంటమ్’, బ్యాండు పేరు పాట ‘ఐరన్ మెయిడెన్’ వాయించారు. ‘స్ట్రేంజ్ వరల్డ్’ మాత్రం ఆ జాబితాలో లేదు. దాన్ని వినాలంటే 1980 రికార్డే దిక్కు, అక్కడ పోల్చుకోవడానికి బ్రూస్ లేడు.